ఫ్యాన్ మార్చొచ్చు, పాయింటు గుంజొద్దు: ఊరి కరెంటు మేస్త్రీకి పర్మిట్ ఎందుకు అందుతలేదు?

మా చిన్నాయన కుడిచేతి రెండు వేళ్లు ఇప్పుడు ముడుసుకుంటలేవు. స్క్రూడ్రైవర్ పడితే జారిపోతది. ఇరవై ఆరేండ్ల సంది మా ఊర్ల కరెంటు పని చేసిన చెయ్యి అది. బోరు మోటర్ కాలినా, స్టార్టర్ల కాయిల్ పోయినా, పెండ్లింట్ల సీరియల్ సెట్టు వెలగకున్నా, బాత్రూంల నల్లా కారినా ఊరంతా ఫోన్ కొట్టేది ఆయనకే. పోయిన ఎండాకాలం ఒక కోళ్ల షెడ్డుల మోటర్ నడుస్తలేదంటే పోయిండు. స్టార్టర్ డబ్బా మీద చెయ్యేసిండు. డబ్బాకే కరెంటు వచ్చి ఉన్నది. ఎర్త్ వైరు ఉండాల్సిన జాగల ఏ వైరూ లేదు.

ఆ షెడ్డుకు కనెక్షన్ తీసుకున్నప్పటి టెస్ట్ రిపోర్టు నేను తర్వాత చూసిన. ఎర్తింగ్ బరాబర్ ఉన్నదని రాసి ఉన్నది. కింద లైసెన్స్ ఉన్న కాంట్రాక్టర్ సంతకం, ముద్ర ఉన్నయి. ఆయన షెడ్డు గేటు కూడా దాటలేదని ఓనరే చెప్పిండు. టౌన్ల దుకాణంల కూసోని సంతకం పెట్టి పైసలు తీసుకున్నడట. వైరింగ్ చేసింది వేరే ఊరి పోరగాళ్లు, రోజు కూలీకి. రాగి వైరు పైసలు మిగుల్తయని ఎర్త్ సంగతే మర్సిండ్రు.

ఇగ బాధ్యత ఎవరిది అంటే? మీటర్ దాటినంక మాకు సంబంధం లేదని కరెంటోళ్లు అన్నరు. నేను సంతకం పెట్టిననాడు అంతా మంచిగనే ఉన్నదని కాంట్రాక్టర్ అన్నడు. షెడ్డు ఓనర్ దవాఖాన ఖర్చు సగం పెట్టుకున్నడు, ఆయన చెడ్డోడేం కాదు. కానీ తిరిగి తిరిగి అందరి నోట్లకెల్లి వచ్చిన మాట ఒకటే. "లైసెన్స్ లేకుండ నువ్వెందుకు ముట్టినవ్?"

నాకు ఐటీఐ ఎలక్ట్రీషియన్ సర్టిఫికెట్ ఉన్నది. రెండేండ్లు చదివిన. కానీ బోరుల పడ్డ మోటర్‌ను గుంజి, విప్పి, రివైండింగ్ చేసి మళ్ల దించుడు నాకు రాదు, చిన్నాయనకు వస్తది. ఆయన దగ్గర పనున్నది, కాయిదం లేదు. నా దగ్గర కాయిదమున్నది, పని సగమే ఉన్నది. మా ఇద్దరిల ఎవరికి ఏం చెయ్యనీకె హక్కు ఉన్నదో సక్కగ తెలుసుకుందామని రూల్స్ చదువుడు మొదలువెట్టిన. చదివినకొద్దీ నవ్వొచ్చింది, తర్వాత కోపమొచ్చింది.

రూల్ ఏందంటే, ఇంట్ల గాని పొలంల గాని దుకాణంల గాని కరెంటు పని చెయ్యాలంటే, కొత్తగ వైరింగ్ చేసినా, ఉన్నదాన్ని పెంచినా, మార్చినా, రిపేరు చేసినా, సర్కారు లైసెన్స్ ఉన్న కాంట్రాక్టరే చెయ్యాలె. ఆ పని సూపర్‌వైజర్ సర్టిఫికెట్ ఉన్నోడి కండ్ల ముందట జరగాలె. వైరు పట్టుకునేటోనికి పర్మిట్ ఉండాలె. దీనికి ఒక మినహాయింపు ఉన్నది. బల్బు, ఫ్యాన్, ఫ్యూజు, స్విచ్చు, ఇంట్ల వాడుకునే చిన్న సామాను పాతది తీసి కొత్తది పెట్టుడు ఎవరైనా చెయ్యొచ్చు, లోడు గాని వైరింగ్ తీరు గాని మారనంత వరకు. అంటే ఫ్యాన్ మార్చుడు తప్పు కాదు. అదే ఫ్యాన్ కోసం పక్క అర్రలకు కొత్త పాయింటు గుంజితే తప్పు. స్విచ్చు మార్చొచ్చు, బోర్డు ఇంకో గోడకు జరపొద్దు.

ఇది 1956 నాటి ఇండియన్ ఎలక్ట్రిసిటీ రూల్స్‌ల ఉన్న మాట. 2003ల కొత్త విద్యుత్ చట్టం వచ్చింది. 2010ల సెంట్రల్ ఎలక్ట్రిసిటీ అథారిటీ భద్రత నిబంధనలు తెచ్చింది, 2023ల వాటిని మళ్ల కొత్తగ రాసింది. ఈ మాట మాత్రం కొద్దిగ అటుఇటుగ అట్లనే నడిచి వచ్చింది. 1956ల మన ఊర్లల్ల కరెంటు ఎన్ని ఇండ్లకు ఉండె? ఇయ్యాల ఒక్క తెలంగాణలనే పాతిక లక్షలకు పైన వ్యవసాయ కనెక్షన్లు ఉన్నయి. ఇంటింటికి ఫ్రిజ్జు, కూలర్, ఇన్వర్టర్. గా లైసెన్స్ ఉన్న కాంట్రాక్టర్ ఉండేదేమో టౌన్ల. రాత్రి ఎనిమిదింటికి పొలం కాడ స్టార్టర్ పడ్తలేదంటే ఆయన వస్తడా?

రూలే తప్పు అని నేను అంటలేను, ఇది గట్టిగ చెప్తున్న. దేశంల కరెంటు షాక్‌తోని ఏడాదికి పది వేల మందికి పైన చస్తున్నరని జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్కలే చెప్తున్నయి. అండ్ల ఊరి జనమే ఎక్కువ కండ్లవడ్తరు మనకు, పొలం కాడ, దండెం మీద బట్టలు ఆరేసే కాడ, మోటర్ కాడ. పనొచ్చినోడే కరెంటు ముట్టాలె అనేది మంచి మాట. మా చిన్నాయన చెయ్యి పోయింది కూడా ఈ మాట ఎవరూ పాటించక. లైసెన్స్ ఉన్నాయన షెడ్డుకు వచ్చి, ఎర్త్ టెస్టర్ పెట్టి చూసుంటే ఆ రోజు డబ్బాకు కరెంటు వచ్చినా ఫ్యూజు కొట్టేసేది. నా కొట్లాట రూల్ ఉన్నందుకు కాదు. రూల్ సంతకాల దుకాణమైనందుకు.

మన పోరగాళ్లకు మూడు కాయిదాల నడుమ తేడా తెల్వదు, నాకు కూడా తెల్వకుండె. వైర్‌మన్ పర్మిట్ అంటే పని చేసే మనిషికి. సూపర్‌వైజర్ సర్టిఫికెట్ అంటే పని చూసే మనిషికి. కాంట్రాక్టర్ లైసెన్స్ అంటే పని ఒప్పుకునేటోనికి, రిపోర్టు మీద సంతకం పెట్టేటోనికి. ఇవి ఇచ్చేది డిస్కం కాదు, లైన్‌మన్ అసలే కాదు. రాష్ట్ర ప్రభుత్వంల చీఫ్ ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టర్ అని ఒక శాఖ ఉంటది, దాని పొంటి లైసెన్సింగ్ బోర్డు ఉంటది. ఆంధ్రలనైనా ఇక్కడైనా ఇదే పద్ధతి. కాంట్రాక్టర్ లైసెన్స్ కావాలంటే మెగ్గర్, ఎర్త్ టెస్టర్ లాంటి సామాను సొంతంగ ఉన్నట్టు చూపాలె, కింద సూపర్‌వైజర్, వైర్‌మన్ ఉన్నట్టు చూపాలె. ఒక్కడే సంచి సైకిల్ మోటర్‌కు తగిలేసుకొని తిరిగే మనిషికి అది ఎన్నటికీ రాదు. అంటే ఆయన పర్మిట్ తెచ్చుకున్నా సొంతంగ పని ఒప్పుకోరాదు, ఇంకొకని కింద కూలీగనే చెయ్యాలె. రూల్స్ రాసినోళ్ల మనసుల "ఒక్కడే పని చేసుకునే మేస్త్రీ" అనే మనిషే లేడు.

ఇగ పర్మిట్ సంగతి. ఐటీఐ చదివినోనికి తొవ్వ జర సాఫ్ ఉన్నది. చదువు మధ్యల ఆపి పని నేర్చుకున్నోడు అనుభవం చూపాలె, పరీక్ష రాయాలె. అనుభవం ఉన్నదని ఎవరు రాసియ్యాలె? లైసెన్స్ ఉన్న కాంట్రాక్టర్. మా చిన్నాయన ఇరవై ఆరేండ్లు పని చేసిండు గాని ఏ కాంట్రాక్టర్ కింద చెయ్యలే, ఊరి కింద చేసిండు. "నీకు ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ నేనిస్త, ఇంత ఇయ్యి" అని ఒకాయన అన్నడు కూడా. షెడ్డు చూడకుండ సంతకం పెట్టినట్టే, పని చూడకుండ ఇంకో సంతకం. దొంగ కాయిదంతోని మొదలైన పర్మిట్ భద్రతను ఎట్ల కాపాడుతది?

అట్లని ఐటీఐ నే అన్నిటికీ మందు అనుకోకుండ్రి. ఎలక్ట్రీషియన్ ట్రేడుకు పదో తరగతి పాస్ కావాలె, రెండేండ్లు. వైర్‌మన్ ట్రేడుకు ఎనిమిది చాలు, అదీ రెండేండ్లే. ప్లంబర్ ఒక్క ఏడాది. పదిహేడేండ్ల పోరగానికి ఇది మంచి తొవ్వ, నేనే సాక్ష్యం. నలభై ఎనిమిదేండ్ల మనిషి రెండేండ్లు పని బంద్ పెట్టి పోయి బెంచీ మీద కూసుంటడా? పిల్ల పెండ్లి అప్పు ఎవరు కడ్తరు?

మన రాష్ట్రంల 65 ఐటీఐలను 2,324 కోట్లతోని అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగ మారుస్తున్నరు, టాటా టెక్నాలజీస్‌తోని కలిసి, 2024ల మొదలైంది. రోబోలు, కొత్త మిషన్లు నేర్పుడు మంచిదే, వద్దనను. అవే బిల్డింగులల్ల ఆదివారం పూట ఊరి మేస్త్రీలను పిలిచి, ఎర్తింగ్ ఎట్ల, ఆర్‌సీసీబీ ఎందుకు, ఇన్వర్టర్ ఉన్న ఇంట్ల మెయిన్ ఎట్ల ఆపాలె అని పది వారాలు నేర్పి, అక్కడనే ప్రాక్టికల్ పెట్టి పర్మిట్ ఇస్తే ఎంతయితది? బిల్డింగు ఉన్నది, సారు ఉన్నడు, మెగ్గర్ ఉన్నది. పీఎం కౌశల్ వికాస్ యోజన కింద, చదువు లేకున్నా పనొచ్చినోనికి పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతి కూడా ఉన్నది. ఒక సర్కారు ఇచ్చిన నైపుణ్యం కాయిదం ఇంకో సర్కారు శాఖ దగ్గర పర్మిట్ కావాలె. ఈ రెండింటి నడుమ వంతెన కట్టుడు పెద్ద ఖర్చు పని కాదు, మనసు పని.

ఇంకో సంగతి మీద చాన మంది మోసపోయిండ్రు, అందుకే చెప్పాలె. పీఎం విశ్వకర్మ. 2023 సెప్టెంబర్ 17న షురూ అయింది. 15 వేల పనిముట్ల సాయం, ట్రెయినింగ్ల రోజుకు 500, అయిదు శాతం మిత్తికి ముందు లక్ష, తర్వాత రెండు లక్షల దాకా లోను. మా ఊర్ల ఇద్దరు కరెంటు పని పోరలు సీఎస్సీ సెంటర్ చుట్టూ వారం తిరిగిండ్రు. ఆ స్కీముల ఉన్నయి 18 పనులు. వడ్ల పని, కమ్మరి, కుమ్మరి, అవుసుల, తాపీ మేస్త్రీ, మంగలి, చాకలి, దర్జీ, చెప్పులు కుట్టుడు, చేపల వల అల్లుడు, తాళాలు చేసుడు ఇట్ల. ఎలక్ట్రీషియన్ లేడు. ప్లంబర్ లేడు. మోటర్ వైండింగ్ లేదు. ఆ పనులకు సాయం చేసుడు తప్పని కాదు, వాళ్లకు ఎప్పుడో చెయ్యాల్సింది. కానీ కరెంటు పని ఏ కులవృత్తీ కాదు. మా ఊర్ల ఈ పని నేర్చినోళ్లల్ల మాదిగ పోరడున్నడు, యాదవుల పోరడున్నడు, ముస్లిం పోరడున్నడు. చూసి, పట్టి, షాక్ తిని నేర్చుకున్నరు. తాతల కాలంల లేని పని కాబట్టి తాతల పేరు మీద వచ్చే స్కీముల దానికి జాగ దొరకలే.

ఇప్పుడు అసలు దెబ్బ కాడికి వస్త. ప్రమాదం జరిగితే ఎవరు ఆదుకోవాలె? ఇల్లు కట్టే పనుల ఉన్న కూలీలకు 1996ల ఒక చట్టం వచ్చింది. కట్టే ఖర్చుల ఒక శాతం సెస్సు వసూలు చేసి బోర్డుల వేస్తరు. 18 నుంచి 60 ఏండ్ల లోపటోళ్లు, ఏడాదిల 90 రోజులు పని చేసినోళ్లు కార్డు చేసుకుంటే ప్రమాదానికి, సావుకు, కాన్పుకు, పెండ్లికి సాయం వస్తది. తాపీ మేస్త్రీలకే అనుకుంటరు గాని, ఇల్లు కట్టే కాడ వైరింగ్ చేసేటోడు, పైపులు వేసేటోడు కూడా అండ్ల వస్తరు. మా చిన్నాయనకు ఈ ముచ్చట ఎవరూ చెప్పలే. నేను కూడా చెప్పలే. ఇంట్ల ఐటీఐ చదివినోన్ని ఉండి ఒక్కసారి లేబర్ ఆఫీసుకు తీస్కపోకపోతి. ఈ తప్పు నాది.

2025 నవంబర్ 21 నుంచి నాలుగు లేబర్ కోడ్లు అమలుల పెట్టిండ్రు. పాత భవన కూలీల చట్టం వాటిల కలిసిపోయింది. టీవీలల్ల అంతా గిగ్ వర్కర్ల ముచ్చటే, గ్రాట్యుటీ ముచ్చటే. ఊరి మేస్త్రీ చూడాల్సిన లైను వేరే ఉన్నది. పాత చట్టంల, మనిషి సొంతంగ ఉండనీకె కట్టుకునే ఇల్లు 10 లక్షల లోపలుంటే అది లెక్కల రాదని ఉండె. సామాజిక భద్రత కోడ్ల దాన్ని 50 లక్షలు చేసిండ్రు. పదిమంది కంటే తక్కువ పని చేసే కాడ కూడా లెక్కల రాదు. మా మండలంల 50 లక్షల ఇల్లు ఎన్ని ఉంటయి, చేతి వేళ్ల మీద లెక్కవెట్టొచ్చు. ఇల్లు కట్టుకునేటోనికి సెస్సు బాధ తప్పింది, సంతోషం. కానీ అక్షరం పట్టుకొని చదివే ఆఫీసర్ దొరికితే, ఊరి ఇండ్లల్ల వైరింగ్ చేసుడు "భవన నిర్మాణ పని" కానే కాదు అంటడు. అప్పుడు ఆ 90 రోజులు యాడికెల్లి తేవాలె? దీని మీద ఏ పార్టీ నాయకుడూ మాట్లాడంగ నేను వినలే.

సర్కారే ఇందిరమ్మ ఇండ్లకు 5 లక్షలు ఇస్తున్నది. మొదటి విడుతల నాలుగున్నర లక్షల ఇండ్లు అన్నరు. మంచి పని. మా మండలంల నేను చూసినయన్నిట్ల వైరింగ్ చేసింది మా చిన్నాయన లాంటి మనుషులే, పర్మిట్ లేనోళ్లే. పునాదికి, రూఫ్‌కు, ఒక్కొక్క దశకు ఫోటో తీస్కపోయే సార్లు ఎర్త్ గుంత కాడ ఒక్క ఫోటో అడగరు. ఒక్క ఫోటో! అది అడిగితే చాలు, ఊర్ల సగం ఇండ్లల్ల ఎర్త్ పడ్తది.

లైసెన్స్ పెంచితే లంచం కిటికీ ఇంకోటి తెరిసినట్టే అని మా దోస్తు ఒకడు నాతోని కొట్లాడుతడు. వాని మాటల నిజమున్నది. రేపు పొద్దుగాల పోలీసోళ్లను పెట్టి, పర్మిట్ లేనోన్ని పట్టుకుంటం అంటే ఊర్లన్ని చీకటైతయి, లేకపోతే సంతకాల రేటు రెండింతలైతది. అందుకే నేననేది పట్టుకునుడు కాదు, చిన్న మెట్టు ఒకటి కట్టుండ్రి అని. ఇంటి సింగిల్ ఫేజ్ పని, పొలం మోటర్ స్టార్టర్ పని, ఈ రెండింటికి ఒక్క మనిషి పేరు మీదనే పర్మిట్. ఆయన చేసిన పని మీద ఆయనే సంతకం. పరీక్ష తెలుగుల, రాసుడు తక్కువ, చేసి చూపుడు ఎక్కువ. పర్మిట్ ఫీజుల్నే ప్రమాద బీమా కలపాలె. కాయిదం తెచ్చుకుంటే లాభమున్నదంటే ఎవడు వద్దంటడు? త్రీ ఫేజ్ షెడ్లు, రైస్ మిల్లులు, అపార్ట్‌మెంట్లు పెద్ద లైసెన్స్ కిందనే ఉండనీ. కానీ అక్కడ సంతకం పెట్టినాయన పని కాడ నిలవడి తీసిన ఫోటో రిపోర్టుకు అంటియ్యాలె.

కాయిదం విలువ మనోళ్లకు తెల్వదనుకోకుండ్రి. జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల దిక్కు సౌదీ పోయే పోరగాళ్లను అడుగుండ్రి. ప్లంబర్, ఎలక్ట్రీషియన్, వెల్డర్, ఏసీ మెకానిక్ వీసాలకు ఆ దేశం ఇక్కడనే నైపుణ్యం పరీక్ష పెడ్తున్నది. అప్పు తెచ్చి మరీ రాస్తున్నరు. పరాయి దేశం మన పోరని చేతి పనిని పరీక్ష పెట్టి చూసుకుంటున్నది. మన ఊర్ల అదే చెయ్యి పట్టుకునే వైరును ఎవరూ చూస్తలేరు. సోలార్ల కూడా ఇదే కథ. పీఎం సూర్యఘర్ కింద 3 కిలోవాట్ల ప్లేట్లకు 78 వేల సబ్సిడీ ఉన్నది, కానీ రిజిస్టర్ అయిన వెండర్ పెడితేనే. మన పోరడు ఆ వెండర్ కింద ఎండల డాబా మీద రోజు కూలీ.

తమ్మీ, చెల్లె, సర్కారు మారే దాకా మనం చెయ్యగలిగింది కొంత ఉన్నది. ఈ-శ్రమ్ కార్డు పైసా ఖర్చు లేకుండ అయితది, 16 నుంచి 59 ఏండ్ల దాకా. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఆధార్‌తోని ఫోన్లనే చేసుకోవచ్చు, అది కూడా ఫ్రీ, ఎవడన్న పైసలడిగితే ఇయ్యకుండ్రి. సేవల మీద ఏడాదికి 20 లక్షల లోపల సంపాదించేటోనికి జీఎస్టీ తలనొప్పి లేదు, అట్ల భయపెట్టేటోళ్లు ఉన్నరు. దుకాణం తెరిస్తే పంచాయతీ ట్రేడ్ లైసెన్స్ తీసుకోవాలె. ఐటీఐ పాసైనోళ్లు సర్టిఫికెట్ పెట్టెల పెట్టి మర్వకుండ్రి, పర్మిట్‌కు అప్లై చెయ్యుండ్రి. నేను మూడేండ్లు ఆలస్యం చేసిన. ఇంకొకటి, ఏ ఇంటికి పనికి పోయినా ముందుగాల ఎర్త్ చూడుండ్రి, ఇన్వర్టర్ ఉన్నదా అడుగుండ్రి. మెయిన్ బంద్ చేసినా ఇన్వర్టర్ నుంచి కరెంటు వెనక్కి వస్తది. లైన్‌మన్ పిలిచి "జర స్తంభం ఎక్కురా, ఎల్‌సీ తీసుకున్న" అంటే ఎక్కకుండ్రి. అది ఆయన జీతం పని. నీకు జీతమూ లేదు, బీమా లేదు, పడితే నువ్వు ఎవరో కూడా తెల్వదంటరు.

చిన్నాయన ఇప్పుడు ఎడమ చేత్తోని టెస్టర్ పట్టుడు అలవాటు చేసుకున్నడు. బరువు పనులు నేను చేస్తున్న, వైండింగ్ కాడ ఆయన పక్కన కూసోని చెప్తుంటడు. మొన్న రాత్రి ఇద్దరం కూసోని భవన కార్మికుల కార్డు ఫారం నింపినం. పేరు, వయసు, ఆధార్, బ్యాంకు ఖాతా అన్నీ అయినయి. 90 రోజులు ఎవరి దగ్గర పని చేసినవ్ అనే కాడ ఆగినం. "ఊరందరి దగ్గర అని రాయి" అన్నడు. ఆ గడిల ఊరందరూ పట్టరు. అందుకే పోయిన ఏడాది ఆయన వైరింగ్ చేసిన ఇండ్ల పట్టీ నోటు బుక్కుల రాసుకుంటున్నం, ఎవరిల్లు, ఏ నెల, ఎన్ని రోజులు అని. పదకొండు ఇండ్లు తేలినయి. అండ్ల ఒక్కటి కూడా 50 లక్షలది లేదు. సోమవారం ఆ పట్టీ పట్టుకొని లేబర్ ఆఫీసుకు పోతున్నం.